పాకలో వెలసిన పిల్లల యిల్లు

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున ఇటలీలోని తురిన్ నగరము వేగముగా పెరుగుచుండెను. కొండపల్లెల బాలురు పనికై అచ్చటికి వచ్చి, తాపీవారికి ఇటుకలు మోయుచు, పొగగొట్టములు తుడుచుచు, రాత్రివేళ దిక్కులేక ఎక్కడనో తలదాచుకొనుచుండిరి. ఆకలికి దొంగిలించినవారు చెరసాల పాలగుచుండిరి. ఆ చెరసాలలను దర్శించిన యువ క్రైస్తవ గురువు జాన్ బాస్కో, విడుదలయైన బాలుడు కొన్నాళ్లకే మరల అచ్చటికి వచ్చుట గమనించెను. వెలుపల ఆదరించు ఆప్తుడొకడున్నచో అట్లు జరుగదని ఆయనకు తోచెను.

బాస్కో 1815 ఆగస్టు 16వ తేదీన తురిన్ సమీపమున బెక్కి అను పల్లెలో పేద రైతుకుటుంబమున జన్మించెను. రెండవయేటనే తండ్రి గతించెను. తల్లి మార్గరీటా చదువెరుగనిది. రెక్కల కష్టముతో పిల్లలను పెంచెను. బాస్కో పరుల పొలములలో పాలేరుతనము చేసి, దర్జీపని నేర్చి, చదువు సాగించి, 1841లో గురుపట్టము పొందెను. నాటినుండి ఆ దేశమర్యాద ననుసరించి ఆయన డాన్ బాస్కో అయ్యెను.

ఆ యేడు డిసెంబరు 8వ తేదీన దేవాలయ పరిచారకుడు కొట్టి తరిమిన ఒక అనాథ బాలుని ఆయన వెనుకకు పిలిపించి ప్రీతితో పలుకరించెను. తరువాతి ఆదివారము వాడు తోడివారిని వెంటబెట్టుకొని వచ్చెను. క్రమముగా వందలమంది చేరిరి. ఆటపాటల సందడి సహింపలేక ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేయగా, వారు చోటునుండి చోటుకు తిరుగవలసివచ్చెను. తుదకు 1846 ఏప్రిల్ 12వ తేదీన వాల్డొక్కో పేటలో పినార్డీ అనువాని పాక అద్దెకు దొరకెను. కప్పు తలకు తగులుచున్నందున నేల త్రవ్వి లోతుచేసిరి. ఆ యేడే బాస్కో జబ్బుపడి చావు తప్పించుకొనెను. నవంబరులో తల్లిని వెంటబెట్టుకొని కాలినడకను ఆ పేటకు వచ్చి కాపురముండెను.

దిక్కులేని కొందరు యువకులను ఆయన గడ్డిమేడపై పరుండనిచ్చెను. వారు దుప్పట్లెత్తుకొని పోయిరి. కడకు ఆ గడ్డిని సైతము అమ్ముకొనిరి. ఇంకొకరైనచో తలుపు మూసికొనియుందురు. 1847 మే నెలలో ఒక వానరాత్రి పదునైదేండ్ల అనాథ బాలుడు తడిసి ముద్దయై వచ్చి తలుపు తట్టెను. మార్గరీటా వానికి అన్నము పెట్టి, వంటయింటిలో ఇటుకలపై పలకలు పరచి పడక అమర్చి, పనిని గూర్చియు నిజాయితీని గూర్చియు నాలుగు మంచిమాటలు చెప్పెను. సామానులు పోకుండ వంటయింటికి తాళము మాత్రము వేసిరి. వాడు చలికాలము వరకు అచ్చటనే యుండి పనిచేసికొనెను. ఆ యింటికి తొలి నివాసి వాడే. వాని పేరు మాత్రము చరిత్రలో నిలువలేదు.

పిల్లలు పెరిగిన కొలది అక్కరలును పెరిగెను. ఆడుకొను బాలురు కూరగాయల మడిని త్రొక్కి పాడుచేయగా, విసిగిన తల్లి పల్లెకు పోదలచెను. కుమారుడు మారుపలుకక గోడనున్న సిలువను చూపగా ఆగిపోయెను. 1856లో మరణించు వరకు ఆమె ఆ పిల్లలకు తల్లియే.

బాలురను పనిలో చేర్చునపుడు బాస్కో యజమానులతో వ్రాతమూలకమగు ఒప్పందము చేసికొనెడివాడు. నేర్పవలసిన వృత్తి తప్ప వేరు చాకిరి చేయించరాదు. తప్పు చేసిన మాటతోనే దిద్దవలెను. సెలవుదినమున విశ్రాంతి నీయవలెను. 1852 నాటి అట్టి పత్రమొకటి నేటికిని నిలిచియున్నది. 1853లో ఇంటిలోనే చెప్పులుకుట్టుట, దర్జీపని నేర్పసాగిరి. తరువాత పుస్తకముల బైండింగు, వడ్రంగము, ముద్రణము చేరెను. 1854లో కలరా వ్యాపించినపుడు ఆ బాలురే వీధులలోని రోగులకు సేవచేసిరి.

దండించుటకంటె తప్పు జరుగకుండ చూచుట మేలని, అందుకు వివేకము, ప్రేమ, దైవభక్తి సాధనములని 1877లో ఆయన వ్రాసెను. పిల్లలను ప్రేమించిన చాలదు, ప్రేమింపబడుచున్నామని వారికి తెలియవలెనని ఆయన యెంచెను. 1859లో ఆయన నెలకొల్పిన సలేషియన్ సంఘమువారు 1906లో తంజావూరు చేరి మనదేశమునను పని ప్రారంభించిరి. 1888 జనవరి 31వ తేదీన ఆయన కన్నుమూసెను.

దుప్పట్లు పోయిన పిదపకూడ తలుపు తెరచుటలోనే ఆయన గొప్పతన మున్నది. ఒకడు చేసిన తప్పునకు వేరొకని నమ్మకుండుట బాలురతో మెలగువారికి తగదని ఆ వానరాత్రి నేర్పుచున్నది.