ధీరేంద్రనాథ్ గంగూలీ

ధీరేంద్రనాథ్ గంగూలీ (మార్చి 26, 1893 - నవంబర్ 18, 1978) సుప్రసిద్ధ బెంగాలీ చలనచిత్ర నటుడు, దర్శకుడు, నిర్మాత. డి.జి. అనే పొడి అక్షరాలతో ఈయన చిత్రసీమలో ప్రసిద్ధుడు. మూకీ చిత్రాల కాలంలో హైదరాబాదు నగరంలో లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పి, 1922-24 మధ్యకాలంలో అక్కడ పలు చిత్రాలు నిర్మించాడు. నిజాం ప్రోత్సాహంతో ప్రారంభమైన ఆ సంస్థ నిజాం ఆగ్రహంతోనే అంతరించింది. హైదరాబాదు చలనచిత్ర చరిత్రలో తొలి అధ్యాయం ఈయనదే. 1975 సంవత్సరానికి గాను దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఈయనకు లభించింది.

తొలి జీవితం

గంగూలీ కలకత్తాలో జన్మించాడు. శాంతినికేతనంలో విద్యాభ్యాసం చేసి, చిత్రకళలో ప్రావీణ్యం సంపాదించాడు. అనంతరం హైదరాబాదులోని ప్రభుత్వ కళాపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశాడు. ఈ నగరంతో ఈయన పరిచయం ఆ విధంగా సినిమా కంటె ముందే, చిత్రలేఖనం ద్వారా ఏర్పడింది.

ముఖకవళికలను, వేషధారణను మార్చుకొని పలురకాల వ్యక్తులుగా కనిపించడంలో గంగూలీ దిట్ట. అట్టి ఛాయాచిత్రాలతో 1915లో ఒక పుస్తకాన్ని ప్రచురించాడు. దాని ప్రతిని కలకత్తాలోని ప్రముఖ చిత్రవ్యాపారి జంషెడ్జీ ఫ్రాంజీ మదన్‌కు పంపగా, అది ఈయన చిత్రరంగ ప్రవేశానికి దారితీసింది.

1918లో నితీష్ లాహిరి తదితరులతో కలసి ఇండో బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీని స్థాపించాడు. ఇది బెంగాలీల యాజమాన్యంలో ఏర్పడిన మొదటి చిత్రనిర్మాణ సంస్థ. ఈ సంస్థ నిర్మించిన బిలాత్ ఫెరాత్ (1921) అనే హాస్యచిత్రంలో గంగూలీ కథానాయకుడు. ఇంగ్లండు నుండి తిరిగివచ్చిన భారతీయుల పోకడలపై అది వ్యంగ్యరచన.

లోటస్ ఫిల్మ్ కంపెనీ

తరువాత గంగూలీ తిరిగి హైదరాబాదు చేరి, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆదరణతో 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీని ప్రారంభించాడు. సంస్థకు స్టూడియో, ప్రయోగశాల మాత్రమే గాక నగరంలో రెండు సినిమా హాళ్ళు కూడా ఉండేవి. అనగా చిత్రాన్ని తీయడం, ముద్రించడం, ప్రదర్శించడం మూడూ ఒకే సంస్థ చేతిలో, ఒకే నగరంలో జరిగేవి.

నిజాం రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు వాడుకలో ఉండేవి. మూకీ చిత్రానికి సంభాషణలు లేనందున బెంగాలు నుండి వచ్చిన దర్శకుడికి భాష అడ్డంకి కాలేదు. పురాణగాథలు అందరికీ తెలిసినవే. ఒకవైపు పౌరాణికాలు, మరొకవైపు సాంఘికాలు, హాస్యచిత్రాలు ఈ సంస్థ నుండి వెలువడ్డాయి.

1922-23 సంవత్సరాలలో ఈ సంస్థ నిర్మించిన కొన్ని చిత్రాలు:
* ఇంద్రజిత్
* హరగౌరి
* ది లేడీ టీచర్
* సాధు ఔర్ సైతాన్
* చింతామణి
* యయాతి
* ది మారేజ్ టానిక్
* ది స్టెప్ మదర్ (విమాత)

భారతీయ మూకీ చిత్రాలలో అత్యధిక భాగం కాలక్రమంలో నశించిపోయాయి. లోటస్ సంస్థ చిత్రాలు కూడా నేడు పేర్ల ద్వారానే చరిత్రకారులకు పరిచితం.

రజియా బేగం ప్రదర్శన, బహిష్కరణ

1924లో గంగూలీ బొంబాయిలో తయారైన రజియా బేగం అనే చిత్రాన్ని తన హాలులో ప్రదర్శించాడు. క్రీ.శ. 1236-40 మధ్య ఢిల్లీని పాలించిన రజియా సుల్తానా ఇందులోని కథానాయిక. ముస్లిం రాణికి, ఒక హిందువుకు మధ్య ప్రేమ ఈ చిత్రంలో చూపబడింది. ప్రజలలో అధికసంఖ్యాకులు హిందువులు, పాలకుడు ముస్లిం అయిన రాజ్యంలో ఇట్టి కథ నిజాం ఆగ్రహానికి కారణమైంది. ఇరవై నాలుగు గంటలలోగా రాజ్యం విడిచి వెళ్ళవలసిందిగా గంగూలీకి ఆజ్ఞ జారీ అయ్యింది.

చిత్రాన్ని నిషేధించడంతో వ్యవహారం ముగియలేదు. చిత్రాన్ని తీసింది ఈయన కాకపోయినా, శిక్ష ఈయనకే పడింది. బ్రిటిష్ ఇండియాలో 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం, దాని క్రింద ఏర్పడిన సెన్సారు బోర్డులు ఉండేవి గాని, సంస్థానాలకు ఆ చట్టం వర్తించదు. సంస్థానంలో పాలకుని మాటే అంతిమం. ఆజ్ఞ నగరానికే పరిమితమైనది కాదు. తెలంగాణలో కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలతో కూడిన నాటి నిజామాబాదు జిల్లా (ఈ ప్రాంతం 2016లో కామారెడ్డి జిల్లాగా ఏర్పడింది) మొదలుకొని మరాఠ్వాడా వరకు విస్తరించిన రాజ్యమంతా ఈయనకు మూతపడింది. లోటస్ ఫిల్మ్ కంపెనీ కథ అంతటితో ముగిసింది.

కలకత్తాలో పునఃప్రవేశం

కలకత్తా చేరిన గంగూలీ 1920ల చివరలో బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ అనే సంస్థను స్థాపించాడు. తరువాతి కాలంలో ప్రఖ్యాతులైన ప్రమథేశ్ బారువా, దేవకీ బోస్ ఈ సంస్థ ద్వారానే చిత్రరంగానికి పరిచయమయ్యారు. ఫ్లేమ్స్ ఆఫ్ ఫ్లెష్ (1930) ఈ సంస్థ చిత్రమే. టాకీల రాకతో మూకీ సంస్థలు నిలువలేకపోయాయి. ఈ సంస్థ కూడా మూతబడింది. అనంతరం గంగూలీ న్యూ థియేటర్స్ తదితర సంస్థలలో పనిచేశాడు. బిద్రోహి (1935), ఆహుతి (1941) ఈయన దర్శకత్వం వహించిన టాకీలలో కొన్ని.

పురస్కారాలు

* 1974 - పద్మభూషణ్
* 1975 - దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం

1978లో కలకత్తాలో మరణించాడు.

హైదరాబాదు చిత్రరంగంలో స్థానం

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) బొంబాయిలో తయారైంది. ఆ తరువాత దశాబ్దాల పాటు తెలుగు చిత్రనిర్మాణానికి మద్రాసు కేంద్రంగా ఉన్నది. 1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత హైదరాబాదు అమీర్‌పేటలో సారథీ స్టూడియోస్ వెలసింది. అక్కడ నిర్మించిన మా ఇంటి మహాలక్ష్మి (1959) హైదరాబాదులో తయారైన తొలి తెలుగు చిత్రంగా పేరుపొందింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ ప్రారంభమయ్యాయి. నగరాన్నే కథాస్థలంగా చేసుకొని అక్కడే చిత్రీకరించిన హైదరాబాద్ బ్లూస్ (1998), ది అంగ్రేజ్ వంటి చిత్రాలు వచ్చాయి.

హైదరాబాదు సినీ చరిత్రను సాధారణంగా సారథీ స్టూడియోస్‌తో మొదలుపెట్టడం పరిపాటి. కాని అంతకు మూడు దశాబ్దాలకు పూర్వమే స్టూడియో, ప్రయోగశాల, హాళ్ళు కలిగిన చిత్రపరిశ్రమ ఈ నగరంలో ఉండేది. రెండు సంవత్సరాలలో రూపుదిద్దుకున్న ఆ పరిశ్రమ ఒక్క ఆజ్ఞతో అదృశ్యమైంది. పాలకుని ఆదరణే దానికి ఏకైక ఆధారం కావడం వలన, ఆ ఆదరణ తొలగిన వెంటనే దానికి మరొక అండ లేకపోయింది.