బంగారం అడగని రాజు

దావీదు కుమారుడు సొలొమోను. మన ఇళ్లల్లో హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం అని చెప్పుకునేది ఈయన గురించే.

బైబిల్ ప్రకారం, కొత్తగా గద్దెనెక్కిన రోజుల్లో గిబియోనులో దేవుడు కలలో కనిపించి ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆయన ధనం అడగలేదు, దీర్ఘాయుష్షు అడగలేదు. జనానికి న్యాయం చెప్పే వివేకం ఇమ్మన్నాడు. ఆ కోరిక నచ్చి దేవుడు అడగని సంపద కూడా ఇచ్చాడు.

తర్వాత ఒకే పసికందు కోసం ఇద్దరు ఆడవాళ్లు తగాదాకొచ్చారు. బిడ్డను రెండు ముక్కలు చేయమనగానే ఒకామె వదులుకుంది. ఆమే తల్లి అని తేల్చాడు.

యెరూషలేము మందిరానికి 7 ఏళ్లు పట్టింది, సొంత రాజభవనానికి 13. ఒక్క ఏడాదిలో వచ్చిన బంగారం 666 తలాంతులు, అంటే 20 టన్నులకు పైమాటే. రాజు వెండి బంగారాలు, భార్యలను పోగేసుకోకూడదని ధర్మశాస్త్రం ముందే హెచ్చరించింది. ముసలితనంలో ఆయన మనసు దారి తప్పిందని బైబిల్ అంటుంది. ఆయన అవిశ్వాసి కాలేదని ఖురాన్ స్పష్టం చేస్తుంది.

40 ఏళ్ల పాలన ముగిశాక, బరువు తగ్గించమన్న జనం మాట కొడుకు రెహబాము వినలేదు. రాజ్యం రెండుగా చీలింది. ఐదో ఏట ఐగుప్తు రాజు షీషకు వచ్చి సొలొమోను చేయించిన బంగారు డాళ్లన్నీ పట్టుకుపోయాడు. ఆ తల్లికి చెప్పిన తీర్పు మాత్రం జనం నోట ఇంకా ఉంది.