గ్రహాలకు బొమ్మలు గీయించిన సుల్తాను

ఏ గంట ఏ గ్రహానిదో మన పంచాంగంలో హోరలు చెప్తాయి కదా. బీజాపూర్ సుల్తాను మొదటి అలీ ఆదిల్‌షా అంతటితో ఆగలేదు. ఒక్కో గ్రహానికీ ఒక రూహానీ, అంటే దాన్ని నడిపే ఆత్మ ఉంటుందనీ, వేళ చూసి, ధూపం వేసి పిలిస్తే పని చేసిపెడుతుందనీ చెప్పే విద్య ఆయనకి ప్రాణం.

1558లో గద్దెనెక్కాడు. అళియ రామరాయల కొడుకు పోయినప్పుడు స్వయంగా విజయనగరం వెళ్లి పరామర్శించాడు. రాయల భార్య ఆయన్ని కొడుకులా చూసుకుంది. అయినా 1565లో తళ్లికోట దగ్గర ఆ రామరాయల మీదికే సైన్యంతో వెళ్లాడు!

1570 నాటి పారసీ గ్రంథం ‘నుజూమ్ అల్ ఉలూమ్’ ఈయనే రాశాడని పండితులు అంటారు. అందులో వందల రంగుల బొమ్మలు. గ్రహాలు, రాశులు, రూహానీలు, వాటి పక్కనే ఏనుగులు, గుర్రాలు, కత్తులు. నాకు నచ్చింది ఇదే. ఆయన లెక్కలో మంత్రం కూడా రాజుకి ఒక ఆయుధమే. ఆ ప్రతి ఇప్పుడు ఐర్లండ్‌లో, డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది.

ఇక మన బీదర్ సంగతి. అహ్మద్‌నగర్ సైన్యం మీద పడితే ఇక్కడి పాలకుడు అలీ బరీద్ ఈయన్ని సాయం అడిగాడు. బదులుగా సుల్తాను ఇద్దరు అందమైన అంతఃపుర సేవకుల్ని కోరాడు. బరీద్ పంపేశాడు. వాళ్లకి ఇష్టమో కాదో ఎవరికి పట్టింది? 1580లో ఆ ఇద్దరిలో ఒకడు సుల్తానుని పొడిచి చంపాడు. అందరూ హంతకుడనే రాస్తారు గానీ, నాకైతే అతని మీదే జాలి.

సుల్తానుకి పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు ఇబ్రహీంకి తొమ్మిదేళ్లు. భార్య చాంద్‌బీబీ ఆ పిల్లవాడి తరఫున రాజ్యం చూసుకుంది. ఆ ఇబ్రహీమే 1619లో బీదర్‌ని బీజాపూర్‌లో కలిపేసుకున్నాడు.