శాస్త్రవిద్యకు జయపురం కానుక

జయపురాధీశులు శ్రీ విక్రమదేవ వర్మ 1869లో జన్మించి, 1931లో సంస్థానాధిపత్యం స్వీకరించారు. నేటి కొరాపుట్, రాయగడ ప్రాంతాలు అప్పట్లో ఆ సంస్థానంలోనివే. పాలనరీత్యా అవి మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణం జిల్లాకు చెందేవి.

తెలుగు, ఒడియా భాషలు రెండింటా ఆయన కవి. అయినా ఆయన దాతృత్వం సాహిత్యానికే పరిమితం కాలేదు. శాస్త్రవిద్యకు గ్రంథపఠనం ఒక్కటే చాలదు. పరికరాలు, రసాయనాలు, ప్రయోగశాలలు కావాలి. అవి మిక్కిలి వ్యయసాధ్యాలు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఆయన ఏటా లక్ష రూపాయల విరాళం ప్రకటించారు. అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

ఆ కళాశాలలో భౌతికశాస్త్రాన్ని సూరి భగవంతం, రసాయనశాస్త్రాన్ని టి.ఆర్. శేషాద్రి తీర్చిదిద్దారు. శేషాద్రి శిష్యులు పత్తి పూలవంటి వాటినుండి రంగు ద్రవ్యాలను స్వయంగా వేరుచేసి పరిశోధించారు. తమ పొలాల్లో పూచే పూవే వారికి పాఠ్యగ్రంథమైంది. చేతులతో చేసి నేర్చిన విద్య ఎంత గట్టిదో ఆ ప్రయోగశాల నిరూపించింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, జయపురం అందులో చేరింది. సరిహద్దు మారినా, ఆ ప్రభువు తెలుగువారి విద్యాలయాన్ని విస్మరించలేదు.

1951లో విక్రమదేవులు పరమపదించారు. జయపురంలో 1947లో వెలసిన కళాశాల తరువాత ఆయన పేరు ధరించి, నేడు విశ్వవిద్యాలయంగా ఎదిగింది. సరిహద్దుకు ఇరువైపులా ఆయన నాటిన విద్యావృక్షాలు నేటికీ నీడనిస్తున్నాయి.