పోత ఇనుము గుట్టు విప్పిన రియోమర్

హాస్టల్ మిత్రుల్లో కొందరు థర్మామీటర్ పాఠంలో రియోమర్ పేరు చదివే ఉంటారు. మంచుకు 0, మరిగే నీటికి 80 డిగ్రీలు పెట్టిన శాస్త్రవేత్త ఆయనే. ఇనుముకు ఆయన చేసిన మేలు మాత్రం మాకు పీజీలో చేరాకే తెలిసింది.

ఆయన 1683లో ఫ్రాన్సులోని లా రోషెల్‌లో జన్మించారు. ఆ రోజుల్లో తెల్ల పోత ఇనుము సుత్తి దెబ్బకు గాజులా పగిలేది. దాన్ని మెత్తబరిచే కిటుకు తెలిసినవారు బయటికి చెప్పేవారు కాదు. రియోమర్ పోత వస్తువులను ఎముకల బూడిద, బొగ్గుపొడి మధ్య పేర్చి, గాలి తగలకుండా రోజుల తరబడి ఎర్రగా కాల్చారు. పెళుసుదనం తగ్గింది, ఇనుము ఆకురాయికి లొంగింది.

1722లో ఆ పద్ధతినంతా పుస్తకంగా అచ్చు వేయించారు. రహస్యాలు బయటపెడుతున్నారన్న అభ్యంతరాలకు వెనక్కి తగ్గలేదు. ప్రభుత్వం 12,000 లివర్ల పింఛను ఇస్తే సైన్స్ అకాడమీకే మళ్లించారు. మా ఇళ్లలో మొదట డిగ్రీ చదివింది మేమే. చెప్పేవాళ్లు లేని చదువు ఎలా ఉంటుందో తెలుసు కనుక, థర్మామీటర్ కంటే ఈ పనే మాకు గొప్పగా తోచింది.

1757లో గుర్రంపై నుంచి పడి మరణించారు. రోజుల తరబడి కాల్చకుండానే, కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపి గ్రాఫైట్‌ను గుండ్రని పూసలుగా మార్చడం 1943లో కుదిరింది. అదే డక్టైల్ ఇనుము. దానిలో సుమారు 4 శాతం సిలికాన్, కొంచెం మాలిబ్డినం ఉంటే ఎర్రగా కాలే ఇంజన్ మానిఫోల్డులోనూ నిలుస్తుంది.