సేనాధిపతి ఫెయిర్‌ఫాక్స్

ధ్యాన భాగము: 1 సమూయేలు 24వ అధ్యాయము

గుహలో సౌలు దావీదు చేతికి చిక్కెను. అయినను దావీదు అతనిని చంపలేదు. అతని వస్త్రపు చెంగు కోసినందుకే మనస్సు నొచ్చుకొనెను. ఆయుధము చేతనున్నవానికి మనస్సాక్షి మరి ఎక్కువ అవసరము. అట్టి పరీక్షకు లోనైన ఒక ఇంగ్లీషు సేనాధిపతి చరిత్రను ఈ నెల సంఘస్థుల యెదుట ఉంచుచున్నాము.

థామస్ ఫెయిర్‌ఫాక్స్ 1612లో యార్క్‌షైరులోని డెంటన్‌లో గొప్ప వంశమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, యౌవనమందే హాలెండు దేశమునకు పోయి యుద్ధవిద్య నేర్చెను. 1642లో రాజైన మొదటి చార్లెసుకును పార్లమెంటుకును యుద్ధము పుట్టగా, ఆయన పార్లమెంటు పక్షమున నిలిచెను. 1644 జూలై 2న మార్‌స్టన్ మూర్ యుద్ధములో చెంపకు గాయమై, తనవారు చెదరిపోగా, టోపీకున్న తెల్లని గురుతు తీసివేసి, శత్రువుల నడుమనుండి గుఱ్ఱము నడుపుకొని స్వపక్షమును చేరెను.

1645లో, 33 ఏండ్ల వయస్సున, పార్లమెంటు క్రొత్తగా కూర్చిన సైన్యమునకు ఆయన అధిపతి ఆయెను. ఆ జూన్ 14న నేజ్‌బీలో రాజసైన్యమును ఓడించెను. అచ్చట ఆయన తానే జెండా మోయువానిని కూల్చగా, ఒక సిపాయి ఆ ఘనత తనదని చెప్పుకొనెను. పై అధికారి వానిని గద్దింపగా, తనకు చాలినంత ఘనత కలదని, దీనిని అతనికే విడువుమని ఫెయిర్‌ఫాక్స్ చెప్పెనందురు. 1646లో ఆక్స్‌ఫర్డు లోబడినప్పుడు సైనికులు పుస్తకములను పాడుచేయకుండ బోడ్లీ గ్రంథాలయమునకు కావలి పెట్టించెను.

అయినను ఆయనను నిర్దోషిగా చూపుట మా ఉద్దేశము కాదు. 1648లో ఆయన కోల్చెస్టరు పట్టణమును 11 వారములు ముట్టడించెను. ప్రజలు ఆకలికి తాళలేక గుఱ్ఱములను, కుక్కలను తినిరి. బయటికి పోనిమ్మని వేడుకొన్నను ఆయన వారిని పోనియ్యలేదు. పట్టణము లోబడిన దినముననే లూకాస్, లైల్ అను ఇద్దరు శత్రు నాయకులను కాల్పించెను.

1649 జనవరిలో రాజును విచారించు న్యాయాధిపతులలో ఆయనను నియమించిరి. ఆయన మొదటి ఆలోచన సభకు మాత్రమే పోయి, మరల పోలేదు. విచారణ దినమున ఆయన పేరు పిలువగా, భార్యయైన ఆన్ పైఅంతస్తునుండి బిగ్గరగా అభ్యంతరము చెప్పెను. జనవరి 30న రాజు శిరచ్ఛేదము జరిగెను. సైన్యమంతయు ఎవని చేతిక్రింద ఉండెనో ఆయన దానిని ఆపలేదు. ఆ దుఃఖమును తన జ్ఞాపకములలో వ్రాసికొనెను.

మరుసటి సంవత్సరము స్కాట్లాండు మీదికి పొమ్మనగా, విశ్వాసమందు సహోదరులైనవారి మీదికి తానుగా దండెత్తనని పదవి విడిచెను. ఆ స్థానము క్రాంవెలుకు దక్కెను. ఫెయిర్‌ఫాక్స్ నన్ ఆపుల్‌టన్‌లోని తన ఇంటికి పోయి, రోగబాధలోను కీర్తనలను పద్యములుగా వ్రాసెను. 1660లో దేశమునకు సమాధానము కలుగుటకై రెండవ చార్లెసును పిలుచుకొనివచ్చువారితో హేగు నగరమునకు వెళ్లెను. 1671 నవంబరు 12న మరణించెను. ఆయన వ్రాతప్రతులు, మరణశాసనము ప్రకారము, తాను కాపాడిన ఆ గ్రంథాలయమునకే చేరినవి.

పదవిని విడువగలవాడు అరుదు. అందులో ఆయన మనకు మాదిరి. అయితే కీడు తీర్మానింపబడు కూటమునకు పోక ఇంట కూర్చుండుట చాలునా? సంఘములోను, ఊరి పంచాయతీలోను మనలో అనేకులము ఇట్లే తప్పుకొనుచున్నాము. దావీదు చెయ్యి వేయకుండుటే గాక, తన మనుష్యులనును అడ్డగించెను. మాటలాడవలసిన సమయమున మాటలాడు ధైర్యమును దేవుడు మనకు అనుగ్రహించును గాక.