తాకట్టుకు వెళ్లిన అక్కల నగలు

అంబేద్కర్ గారి ఫోటో లేని హాస్టల్ మనకు కనిపించదు. ఆయన డిగ్రీల గురించి అందరం చెప్పుకుంటాం. ఆ చదువుకు ఇంట్లో వాళ్లు ఏమిచ్చారో మాత్రం తక్కువగా చెప్పుకుంటాం.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన భీమరావు చిన్నతనంలోనే తల్లి భీమాబాయిని పోగొట్టుకున్నారు. మేనత్త మీరాబాయి పెంచింది. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి. బొంబాయి పరేల్‌లో ఒకటే గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. తండ్రి కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను రెండు గంటల దాకా మేలుకుని, అప్పుడు లేపి చదువుకు కూర్చోబెట్టేవారు. (మనం ఐదింటికి లేపితేనే సణుగుతాం!)

కొడుకు అడిగిన పుస్తకానికి డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల దగ్గరకు వెళ్లేవారు. వాళ్ల దగ్గరా లేకపోతే నగ అడిగి తెచ్చి తాకట్టు పెట్టి, పెన్షన్ రాగానే విడిపించి ఇచ్చేవారు. ఆ అక్కలు మంజుల, తులసి. నా లెక్కలో భీమరావుకు అందిన మొదటి స్కాలర్‌షిప్ వాళ్లదే. అన్న ఆనందరావు చదువు మాని పనిలో చేరాడు.

1907లో మెట్రిక్ అయింది. తర్వాత బరోడా మహారాజు నెలకు 25 రూపాయల సాయంతో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. పూర్తయింది. 1913 ఫిబ్రవరిలో రాంజీ కన్నుమూశారు. కొడుకు కొలంబియా యూనివర్సిటీకి బయలుదేరింది ఆ ఏడాదే. తండ్రి చూడలేదు. ఇక్కడ భార్య రమాబాయి చాలీచాలని డబ్బుతో సంసారం ఈదింది.

1923లో లండన్‌లో అచ్చయిన రూపాయి సమస్య గ్రంథాన్ని, తన చదువు కోసం పడిన కష్టానికి గుర్తుగా, ఆయన తల్లిదండ్రులకే అంకితమిచ్చారు.